అందరికీ ఒకే వంపు

మా పెదగరువు పురపాలక సంఘంలో చట్టం ముందు అందరూ సమానులేనని నేను ఎక్కడైనా ప్రమాణం చేసి చెప్పగలను. ఎందుకంటే ఆ సమానత్వాన్ని టేపు పెట్టి కొలిచింది నేనే. నా పేరు తవిటయ్య. టౌన్ ప్లానింగ్ సెక్షన్లో చైన్‌మన్‌ని. ఇరవై ఆరేళ్లుగా టేపు ఒక కొస నేను పట్టుకుంటున్నాను, రెండో కొస ఎవరు దొరికితే వాళ్లు పట్టుకుంటారు. కొలత అయ్యాక గోడ మీద ఎర్రరంగుతో గుర్తు వేస్తాను. ఆ గుర్తు దాకా గోడ పోతుందన్నమాట. అందుకని ఊళ్లో నన్ను చూడగానే కుర్చీ వేసేవాళ్లూ ఉన్నారు, తలుపు వేసేవాళ్లూ ఉన్నారు.

ఆ ఏడాది మా మెయిన్ రోడ్డుకి మంచి రోజులొచ్చాయి. బస్ కాంప్లెక్సు నుంచి రైల్వే గేటు దాకా ముప్పై అడుగులున్న రోడ్డుని అరవై అడుగులు చెయ్యమని పైనుంచి మంజూరు వచ్చింది. అటు పదిహేను, ఇటు పదిహేను కొట్టెయ్యాలి. మా టౌన్ ప్లానింగ్ ఆఫీసరు భానోజీరావు గారు పటం పట్టుకున్నారు, నేను రంగు డబ్బా పట్టుకున్నాను. ఎడమవైపు ముప్పై ఒక్క కట్టడాలు, కుడివైపు ఇరవై తొమ్మిది.

పని చకచకా సాగి, మాజీ చైర్మన్ వరహాలరావు గారి కల్యాణ మండపం దగ్గర ఆగింది. అక్కడికి వచ్చేసరికి పటంలో రోడ్డు కుడివైపుకి పదిహేను అడుగులు తప్పుకుని, మండపం గోడ అయిపోగానే మళ్లీ బుద్ధిగా తన దారికి వచ్చేసింది. ఎదురుగా ఉన్నది మా మున్సిపాలిటీ వారి పాత గోదామే కాబట్టి అటునుంచి ఎవరూ నోరెత్తలేదు.

"ఇదేంటి సార్, రోడ్డు ఇక్కడ ఒళ్లు విరుచుకుంది?" అని అడిగాను.

"దాన్ని అనివార్య సాంకేతిక వక్రత అంటారు తవిటయ్యా. నీలాంటివాళ్లకి వంపులా కనిపిస్తుంది" అన్నారు భానోజీరావు గారు.

మండపం గోడని ఆనుకునే నరసయ్యమ్మ టిఫిన్ కొట్టు ఉంది. తొమ్మిదడుగుల లోతు, పదకొండడుగుల వెడల్పు. పట్టా ఉంది, ఇంటిపన్ను రసీదులు మేకుకి గుచ్చి ఉన్నాయి. మొగుడు లారీ కింద పడి పోయిన నాటి నుంచి, అంటే పంతొమ్మిదేళ్లుగా, ఆ కొట్టు మీదే ఆవిడా, మంచాన పడ్డ అత్తా బతుకుతున్నారు. నేను పదిహేను అడుగులు కొలిచేసరికి టేపు కొట్టంతా దాటి, వెనక కట్టెలు పెట్టుకునే చోట ఆగింది. ఇక గుర్తు వెయ్యడానికి గోడే మిగల్లేదు.

నరసయ్యమ్మ పునుగుల మూకుడు పక్కన పెట్టి వచ్చి నిలబడింది.

"బాబూ, ఒక మాట అడుగుతాను, కోపం సెయ్యకు. ఆ గోడ కాడ పక్కకెల్లిపోయిన రోడ్డు నా కొట్టు కాడికొచ్చీసరికి తిన్నగా ఎలాగైపోనాది? అక్కడున్న కళ్లు రోడ్డుకి ఇక్కడ నేవా?"

"రోడ్డుకి కళ్లుండవమ్మా, పటం ఉంటుంది" అన్నాను. అన్నానే గాని, ఆ వేళ ఆవిడ పెట్టిన పునుగులు తినకుండానే టేపు చుట్టేశాను.

నరసయ్యమ్మ ఊరుకునే మనిషి కాదు. రోజూ ఆవిడ దగ్గర ఇడ్లీ తినే ప్లీడరు గుమాస్తా ఒకాయన దారి చూపిస్తే, ఏకంగా హైకోర్టుకి ఎక్కింది. ఫైలు మోసుకుని నేనూ వెళ్లాను. జడ్జిగారు పటం చూసి, ఇక్కడ రోడ్డు ఎందుకు వంగిందని అడిగారు. సాంకేతిక కారణమని మా ప్లీడరు మనవి చేసుకున్నాడు. ఆ సాంకేతిక కారణం పక్క కొట్టు దగ్గరికి ఎందుకు రాలేదని జడ్జిగారు మళ్లీ అడిగారు. మా ప్లీడరు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. తీర్పు నాలుగు వాక్యాలే. చట్టం ముందు అందరూ సమానులు. పిటిషనరును అదే వరుసలోని ఇతర యజమానులతో సమానంగా చూడవలెను. ఆరు వారాలు గడువు. మిగిలిన వాక్యం ఖర్చుల గురించి.

తీర్పు కాపీ వచ్చిన రోజున కమిషనర్ త్రినాథరావు గారు అత్యవసర సమావేశం పెట్టారు. టీ అందించే మనిషి సెలవులో ఉన్నందున నేనూ లోపలే ఉన్నాను.

"మన ముందు రెండు మార్గాలు ఉన్నవి. ఒకటి, మండపం గోడను కూడా పదిహేను అడుగులు తొలగించుట" అన్నారు కమిషనర్ గారు.

ఆ మాటకి భానోజీరావు గారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. వరహాలరావు గారి గోడ మీద చెయ్యి వేసిన కమిషనర్ ఎవరైనా మా ఊళ్లో ఉన్నాడా అంటే, ఒకాయన ఉండేవారు. ఇప్పుడు బదిలీ మీద ఏజెన్సీ అడవుల్లో ఉన్నారు.

"అది ఆచరణ సాధ్యం కాని సైద్ధాంతిక మార్గం" అని కమిషనర్ గారే దాన్ని కొట్టేశారు. "భానోజీ! తీర్పులో మండపం కూల్చమని ఎక్కడైనా ఉందా?"

"లేదు సార్."

"సమానంగా చూడమని ఉంది. మండపానికి మనం ఏమి ఇచ్చియున్నాము?"

"వంపు ఇచ్చాం సార్."

"అయితే ఆమెకునూ వంపే ఇవ్వండి. న్యాయస్థానం వారు కోరినది సమానత్వం. సమానత్వం అనగా ఒకరికి ఇచ్చినది ఇంకొకరికి ఇచ్చుట. ఒకరి నుంచి లాగుకొనుట కాదు."

భానోజీరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పామూ చావలేదు, కర్రా విరగలేదు. ఆయన ఒక చిన్న సందేహం మాత్రం పెట్టారు. కొట్టు లోతు తొమ్మిదడుగులే కదా, తొమ్మిదడుగుల వంపు సరిపోతుంది కదా అని. కమిషనర్ గారు ఒప్పుకోలేదు. మండపానికి పదిహేను ఇచ్చి కొట్టుకి తొమ్మిదిస్తే ఆ ఆరడుగుల అసమానతకి ఎవరు జవాబుదారీ అన్నారు. అలా నరసయ్యమ్మ తొమ్మిదడుగుల కొట్టుకి పదిహేను అడుగుల వంపు మంజూరైంది. వెళ్లి చెబితే ఆవిడ నమ్మలేదు. రెండుసార్లు చెప్పించుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ సంతోషంగానే ఉంది, అబద్ధం ఎందుకు.

మర్నాడు నరసయ్యమ్మ పక్కనున్న ఫ్యాన్సీ షాపాయన వచ్చాడు. ఇడ్లీ కొట్టుకి వంపిచ్చి గాజుల కొట్టుకి ఇవ్వకపోవడం ఏ చట్టంలో ఉందో చూపించమన్నాడు. ఏ చట్టంలోనూ లేదు. ఇచ్చాం. ఆ పక్కన సైకిల్ షాపు, ఆ పక్కన మందుల షాపు. వారం తిరిగేసరికి ఎడమవైపు ముప్పై ఒక్కరికీ వంపులు మంజూరయ్యాయి. రోడ్డు మొత్తం పదిహేను అడుగులు కుడివైపుకి జరిగింది.

దాంతో కుడివైపు వాళ్లు రైసుమిల్లు జోగారావు గారిని ముందు పెట్టుకుని ఆఫీసు మీదకి వచ్చారు.

"ఎడంపక్క వాళ్లకి వంపులూ, మాకు పొక్లెయినులూనా? మేం పన్ను కట్టట్లేదా? మా ఓట్లు ఓట్లు కావా? పదిహేనడుగులు పోతాయన్నప్పుడే మేం ఏడుస్తుంటే, ఇప్పుడు ముప్పై అడుగులా!" అని ఆయన బల్ల గుద్దారు.

కమిషనర్ గారు చలించలేదు. ఆయనలో అప్పటికే ఒక మార్పు వచ్చింది. నిజం చెప్పాలంటే సమానత్వం ఆయనకి ఒంటికి పట్టింది. మేడ మీద రికార్డు గది ఖాళీ చేయించి "సమానత్వ విభాగం" అని బోర్డు పెట్టించారు. వంపు దరఖాస్తు నాలుగు ప్రతులుగా అచ్చు వేయించారు. ఇంటిపన్ను రసీదు జతపరచవలెను. చివర ఒక ధ్రువీకరణ ఉంటుంది: "నేను గాని, నా కుటుంబ సభ్యులు గాని ఇంతకు పూర్వం ఈ పురపాలక సంఘం నుండి ఎట్టి వంపునూ పొందియుండలేదని ఇందుమూలముగా తెలియజేసుకొనుచున్నాను." ఇదివరకే వంపు పొందినవాళ్లని కూడా పిలిపించి, పొందినట్టు పుస్తకంలో సంతకం పెట్టించుకున్నాం. నరసయ్యమ్మది పుస్తకంలో రెండో సంతకం. మొదటిది వరహాలరావు గారిది.

కుడివైపు ఇరవై తొమ్మిది మందికీ వంపులు ఇచ్చాం. ఇళ్లు లేని ఖాళీ స్థలం ఒకటుంటే దాని యజమాని వచ్చి, స్థలం ఖాళీగా ఉంటే హక్కు కూడా ఖాళీ అవుతుందా అని అడిగాడు. భానోజీరావు గారు దరఖాస్తు ఫారం తీసి చేతికిచ్చారు. ఆయనకీ ఒక వంపు.

దరఖాస్తుకొక మెలిక చొప్పున అన్ని వంపులూ కలిపి భానోజీరావు గారు కొత్త పటం గీశారు. చూస్తే జంతికలు వత్తినట్టుంది. పటం ప్రకారం నేను రోడ్డు మీద ముగ్గుపిండితో గీతలు పోశాను. కమిషనర్ గారు ఆర్టీసీ వారిని బతిమాలి ఒక ఖాళీ బస్సు తెప్పించి ఆ గీతల వెంట నడిపించారు. కాంప్లెక్సు దగ్గర ఉత్సాహంగా ఎక్కిన ఒక పెద్దాయన మూడో వంపులో దిగిపోయి, నడిచి రైల్వే గేటుకి వెళ్లి, టీ తాగి, బస్సుకి ఎదురొచ్చాడు. డ్రైవరు కిందకి దిగి, "సార్, స్టీరింగు తిప్పి తిప్పి నా భుజాలు పోయాయి. ఇది రోడ్డేనా?" అన్నాడు.

రోడ్డో కాదో, మెలికలు పక్కన పెట్టి గోడకీ గోడకీ మధ్య నేను కొలిచి చూశాను. ఇటు వాళ్లకి పదిహేను వదిలేసి, అటు వాళ్లకి పదిహేను వదిలేస్తే మిగిలింది ముప్పై అడుగులు. అంటే మా తాతల నాటి రోడ్డే.

"అయితే మంచిదే కదా సార్. ఉన్నదున్నట్టు ఉంది. ఎవరికీ బాధ లేదు, ఇక్కడితో ఆపేద్దాం" అన్నాను, నా హోదా మరిచిపోయి.

కమిషనర్ గారు నన్ను జాలిగా చూశారు. "తవిటయ్యా! మంజూరైనది అరవై అడుగుల రోడ్డు. మంజూరైన దానిని వెనక్కి పంపిన అధికారిని ప్రభుత్వం ఏ దృష్టితో చూస్తుందో నీకు తెలియదు. అరవై అడుగులు ఎక్కడో ఒకచోట ఉండి తీరవలెను."

ఆ రోజు ఆయన భోజనానికి కూడా వెళ్లలేదు. నాలుగు గంటలకి బయటికి వచ్చినప్పుడు మొహం వెలిగిపోతోంది. అందరికీ విడివిడిగా వంపు ఇవ్వడంలోనే పొరపాటు ఉందట. వంపు అందరికీ కలిపి ఒకటే ఉండాలట. ఫైల్లో దాని పేరు "ఏకీకృత ఉమ్మడి వంపు". రోడ్డు కాంప్లెక్సు దగ్గరే ఊరిని వదిలేసి, వెనక గెడ్డ ఒడ్డు పట్టుకుని పోయి, రైల్వే గేటు దగ్గర మళ్లీ కలుస్తుంది. ఊళ్లో ఎవరి గోడా ముట్టుకోదు. ఇంతకన్నా సమానత్వం ఉంటుందా అని అడిగారు. భానోజీరావు గారు ఉండదన్నారు.

గెడ్డ అంటే మా ఊరి వెనక వానాకాలంలో పారే వాగు. దాని ఒడ్డున నూట పన్నెండు పాకలున్నాయి. ఆ మాట నేను చెప్పాను.

"వారికి ఇంటిపన్ను రసీదులు ఉన్నవా?" అన్నారు కమిషనర్ గారు.

"లేవు సార్."

"అయినచో వారు వంపు దరఖాస్తుకు అర్హులు కారు. అర్హులలో ఎవరికీ అన్యాయం జరగలేదు. అర్హత లేనివారి విషయానికి వస్తే, వారిలో వారికి కూడా హెచ్చుతగ్గులు చూపరాదు. అందరినీ ఒకే రోజున తొలగించెదము. ముందు వెనుకల అసమానత రాకుండా రెండు చివరల నుంచి రెండు యంత్రాలు పెట్టండి."

గుర్తులు వెయ్యడానికి వెళ్లాను. మట్టి గోడలు, రంగు సరిగా అంటదు. అందుకని గుమ్మాల మీద వేస్తూ పోయాను. కొందరు తిట్టారు, కొందరు కాళ్లు పట్టుకున్నారు. నలభై ఏడో గుమ్మంలోంచి నరసయ్యమ్మ బయటికి వచ్చింది. ఆవిడ ఇల్లు అక్కడని నాకు అప్పటిదాకా తెలియదు. పంతొమ్మిదేళ్లు ఆవిడ చేతి తిండి తిన్నాను, పొద్దు గూకాక ఎక్కడికి వెళుతుందో ఒక్కసారైనా అడగలేదు. లోపల మంచం మీద ముసలావిడ ఎవరొచ్చారని అడుగుతోంది.

"మున్సిపాలిటీ బాబు నే అత్తా" అని చెప్పి, నా చేతిలో డబ్బా చూసి నరసయ్యమ్మ పక్కకి తప్పుకుంది. నేను గుమ్మం మీద గుర్తు వేశాను. ఉద్యోగం మరి.

మర్నాడు పొద్దున్నే ఆవిడ సమానత్వ విభాగానికి వచ్చింది. అక్కడ ఎవరొచ్చినా కుర్చీ వెయ్యాలని ఉత్తర్వు. కుర్చీ వేశాం. ఆవిడ కూర్చోలేదు.

"అయ్యా, కోర్టోరు నా పేరెట్టి కదా సెప్పినారు, నన్ను అందరితో సమానంగా సూడమని?"

"చూచితిమి కదమ్మా. మీ కొట్టు నిలిచినది" అన్నారు కమిషనర్ గారు.

"కొట్టు నిలిస్తే సాల్దు కదా బాబూ, పడుకోడానికి కొంపుండాల. కొట్టుకొక నాయం, కొంపకొక నాయమా?"

కమిషనర్ గారు పుస్తకం తెప్పించి రెండో సంతకం చూపించారు. "మీరు ఇదివరకే ఒక వంపు పొందియున్నారు. ఒకే మనిషికి రెండు సమానత్వాలు ఇచ్చినచో, ఒక్కటే పొందినవారి పట్ల అది అసమానత అవుతుంది. మీరే న్యాయంగా ఆలోచించండి."

"నాకొద్దు పోనీ. మిగతా నూట పదకొండు కొంపలున్నాయి. ఆళ్లకి ఒక్కటీ ఇవ్వనేదు కదా!"

"వారు దరఖాస్తు చేసుకొనలేదు."

"సేసుకుంటాం, కాయితాలియ్యండి."

"పన్ను రసీదు జతపరచవలెను."

"గెడ్డ ఒడ్డుకి పన్ను ఎవులేస్తారు బాబూ? ఎయ్యండి, కట్టుకుంటాం అని కొంపకొకరు సొప్పున మీ కాళ్లట్టుకున్నాం. ఎయ్యనన్నది మీరే, నేదన్నదీ మీరే!"

కమిషనర్ గారు ఆ మాటని మర్యాదగా నోట్ చేసుకున్నారు. తగు పరిశీలన నిమిత్తం అని కింద రాశారు. ఆయన చెడ్డవాడు కాడు. ఎవరినీ ఒక్క మాట తూలడు. ఆ మర్యాద చూస్తేనే నాకు ఒళ్లు మండింది, కానీ నా మంట ఎవరికి కావాలి?

మళ్లీ కోర్టుకి వెళ్దామని నరసయ్యమ్మ ప్లీడరు గుమాస్తాని పట్టుకుంది. కాగితాలు తయారయ్యేలోగా రెండు చివరల నుంచి రెండు యంత్రాలు వచ్చాయి. మధ్యాహ్నం మూడింటికి రెండూ నడుమ కలుసుకున్నాయి. ఎవరికీ ముందు కాలేదు, వెనకా కాలేదు.

నరసయ్యమ్మ అత్తని మంచంతో సహా కొట్లోకి మార్చింది. తొమ్మిదడుగుల కొట్లో మంచం వేశాక పొయ్యికి చోటు లేదు. పొయ్యి మెట్టు మీదకి వచ్చింది. వచ్చినా చేసేదేముంది? కొత్త రోడ్డుకి కంకర పడగానే బస్సులన్నీ గెడ్డ ఒడ్డునే పోతున్నాయి. పాత రోడ్డు మీద మనిషి అలికిడి లేదు. వాయికి పదహారు ఇడ్లీలు వేసే మనిషి నాలుగు వేసి, అవి కూడా పొద్దెక్కేదాకా మూత పెట్టి ఉంచేది. వరహాలరావు గారి మండపానికి మాత్రం వెనక గోడ కొత్త రోడ్డు మీదకే వచ్చింది. అక్కడ గేటు పెట్టించి రంగులు వేయించారు.

వైశాఖంలో ప్రారంభోత్సవం. రోడ్డుకి "సమన్యాయ మార్గం" అని పేరు పెట్టారు. ఈ సమానత్వానికి మూలకారకురాలు నరసయ్యమ్మే కాబట్టి రిబ్బన్ ఆవిడ చేతే కత్తిరించాలని కమిషనర్ గారు నిర్ణయించారు. ఒక సామాన్య మహిళ చేత చేయిస్తే పైవాళ్లు కూడా మెచ్చుకుంటారని భానోజీరావు గారు అన్నారు. పిలవడానికి నన్ను పంపించారు. ఆవిడ రాదనుకున్నాను. "వస్తాను బాబూ" అంది.

పదకొండు గంటల ఎండ. మొన్ననే పోసిన తారు. వరహాలరావు గారు మైకు అందుకున్నారు.

"నాకు దక్కిన వంపుని నేనొక్కణ్ణే అనుభవించడం నా మనస్సాక్షి ఒప్పుకోలేదు. ఇవాళ ఊరంతటికీ వంపు దక్కింది. నా జన్మ ధన్యం" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

నరసయ్యమ్మకి శాలువా కప్పి, పళ్లెంలో కత్తెర పెట్టి ఇచ్చారు. ఆవిడ కత్తెర తీసుకుని రిబ్బన్ వైపు చూడలేదు. అటూ ఇటూ రోడ్డుని వెతికి, చివరికి నా దగ్గరికి వచ్చింది.

"బాబూ, నువ్వు కొలిసినావు కదా. నా గుమ్మం ఎక్కడ?"

నాకు తెలుసు. ఇరవై ఆరేళ్ల టేపు, మరిచిపొమ్మన్నా మరిచిపోదు. రిబ్బన్ అవతల నాలుగడుగులు, ఎడమవైపుకి రెండడుగులు. వేలు పెట్టి చూపించాను.

ఆవిడ కత్తెర నా చేతిలో పెట్టి, వంగి రిబ్బన్ కింద నుంచి అవతలికి వెళ్లింది. నాలుగడుగులు వేసింది. రెండడుగులు ఎడమకి జరిగింది. అక్కడ ఆగి, బయటే చెప్పులు విడిచింది. తల కొంచెం వంచుకుని, ఆ కాలే తారు మీద వట్టి కాళ్లతో లోపలికి వెళ్లింది. వెళ్లి, మంచం ఉండే చోట కూర్చుంది.

ఇదేదో శుభకార్యంలో ఆచారం అనుకున్నారు కాబోలు, కమిషనర్ గారు గబగబా బూట్లు విప్పారు. ఆయన విప్పాక భానోజీరావు గారు విప్పారు, వరహాలరావు గారు విప్పారు, వార్డు మెంబర్లందరూ విప్పారు. అందరూ రిబ్బన్ దాటి, కాళ్లు కాలి ఎగురుతూ ఆవిడ చుట్టూ చేరారు. ఫోటోగ్రాఫరు అందరినీ దగ్గరికి జరగమన్నాడు.

నన్నూ రమ్మని కమిషనర్ గారు చెయ్యి ఊపారు. నేను కదల్లేదు. ఆ గుమ్మం మీద గుర్తు వేసింది నేనే. ఆవిడ ఇంట్లోకి వెళ్లే మొహం నాకు లేదు.